ప్రాగ్‌లో నాలుగు రాత్రులు

అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, గల్ఫ్‌లోని దార్సైట్ పేటలో గంగాధరరావు అడక్కుండానే సలహాలు పెట్టేవాడు. యూరప్ అంటే మరీను. ఏడేళ్ల క్రితం కంపెనీ పుణ్యమా అని వియన్నాలో మూడు రోజులు ఉండి వచ్చాడు. ఆ మూడు రోజులతో ఖండమంతా ఏలేస్తున్నాడు.

పై ఫ్లాటు మంగళకు నిజంగానే సలహా అవసరమైంది. ఆవిడ తొమ్మిదేళ్ల కూతురు మనస్వినికి చూపు తగ్గిపోతోంది. మందు లేదన్నారు. ఏడాది తిరిగేసరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదన్నారు. ఆలోగా ఏం చూస్తావే అంటే ఆ పిల్ల జంతువులంది. వియన్నా, ప్రాగ్, బుడాపెస్ట్: పక్కపక్క దేశాల రాజధానులు, మూడు జూలు. వియన్నాలో నాలుగు రాత్రులు అనుకుని, ఆస్ట్రియా వీసాకు అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.

"వియన్నాకి రెండు చాలమ్మా," అన్నాడు గంగాధరరావు. "ప్రాగ్ జూ ఒక్కరోజులో అవదు. గొరిల్లాలు అద్దం దాకా వచ్చేస్తాయి. పాప చూపుకి అదే మంచిది. నాలుగు రాత్రులు అక్కడ పెట్టండి."

"మీరు చూసొచ్చారు గనక సరిపోయింది అన్నయ్యగారూ," అని మంగళ ఆ పూటే హోటళ్లు మార్చేసింది.

మూడు దేశాలకూ ఒకే వీసా చాలు గానీ, ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశాన్నే అది అడగాలి. గంగాధరరావుకు ఆ సంగతి తెలియదు. అతని వీసా కంపెనీ వాళ్లే తెచ్చిచ్చారు. మంగళ దరఖాస్తు తిరిగొచ్చింది. వేసవి రద్దీలో ప్రాగ్ ఉన్న చెక్ దేశపు వీసాకు అపాయింట్‌మెంట్ మూడు నెలల తర్వాత గానీ దొరకలేదు.

పాప చూపు మూడు నెలలు ఆగలేదు. గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ప్రయాణం మానుకున్నారు.

గంగాధరరావుకు సంగతి తెలిసింది. నా నోరు పడిపోను అని తిట్టుకుంటూ ఒక శుక్రవారం పొద్దున మెట్లెక్కాడు.

మంగళ పల్లెత్తు మాట అనలేదు. "మీరు మంచికే చెప్పారు. దాని రాత," అని కుర్చీ వేసింది. అదే భరించలేకపోయాడు. మనస్విని గొంతు గుర్తుపట్టి, తడుముకుంటూ వచ్చి, అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"మావయ్యా, మీరు ప్రాగ్‌లో చూశారుగా. గొరిల్లా అద్దం దగ్గరకొచ్చి ఏం చేసింది? అంతా చెప్పండి."

గంగాధరరావు ప్రాగ్ మొహం చూసినవాడు కాదు. గొరిల్లాల ముచ్చటంతా ఫోన్‌లో వీడియో చూసి చెప్పిందే.

"నేనూ చూడలేదమ్మా," అన్నాడు. "ప్రాగ్ ఎప్పుడూ వెళ్లలేదు."

పిల్లకు అర్థం కాలేదు. తల్లికి అర్థమైంది. మంగళ వచ్చి, అతని మోకాలి మీద నుంచి కూతురి చెయ్యి తీసి, లోపలికి నడిపించుకుపోయింది.