దీవెన అడగొద్దన్న ఉత్తరం

బ్రెజిల్‌లో మా మీనాస్ కొండల్లో పిల్లలు గడప దాటే ముందు పెద్దవాళ్లను దీవెన అడుగుతారు. "దీవించమ్మా" అంటే "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అని బదులు చెప్పాలి. బడికి వెళ్తున్నా, పడుకోబోతున్నా, ఫోన్ పెట్టేస్తున్నా అంతే. మీసాలొచ్చిన మగవాడైనా అడగాల్సిందే. అడక్కుండా వెళ్లాడంటే తల్లి మీద అలిగాడనో, తల్లిని లెక్కచేయడం లేదనో అర్థం. ఇది తెలియని మనిషి మా ఊళ్లో లేడు. నా చెల్లెలు యునీసికీ తెలుసు. తెలిసే ఆ ఉత్తరం మీద సంతకం పెట్టింది.

యునీసి, దాని భర్త అబ్నేర్ మిషనరీలు. పంతొమ్మిదేళ్లుగా మొజాంబిక్‌లో సువార్త చెబుతున్నారు. మొదట్లో పిల్లలిద్దరినీ వెంట తీసుకెళ్లారు. రెండో ఏడు కేజియా మలేరియాతో చచ్చి బతికింది. దాంతో పిల్లలను తెచ్చి నా ఇంట్లో వదిలారు. కేజియాకు ఏడేళ్లు, ఎలియేజర్‌కు ఐదు. "ఒక్క సంవత్సరం అక్కా" అంది యునీసి. ఆ ఒక్క సంవత్సరం పదిహేడేళ్లు సాగింది.

నాకు పెళ్లి కాలేదు. జామపండ్ల మిఠాయి వండి అమ్ముకునేదాన్ని. పైగా కథోలికను, గోడ మీద మరియమాత పటం ముందు రోజూ దీపం పెడతాను. మా మరిదికి ఆ పటం కంట్లో నలుసు. అయినా పిల్లలను వదలడానికి నా ఇల్లే దొరికింది మరి.

వాళ్లు వెళ్లిన తర్వాత మొదటి ఆదివారం ఫోన్ వచ్చింది. కేజియా రెండు చేతులతో పట్టుకుని, మాటలన్నీ అయ్యాక "దీవించమ్మా" అంది.  యునీసికి బదులు అబ్నేర్ గొంతు వినపడింది, "అలా అనకూడదు తల్లీ" అని. పిల్ల ఫోన్ చెవికి ఆనించుకుని బదులు కోసం చాలాసేపు అలాగే నిలబడింది.

నెల తిరిగేసరికి ఉత్తరం. "వదినా, పిల్లలకు దీవెన అడగడం నేర్పకండి. అది పాత మతం వాసన, కథోలికుల అలవాటు. దీవించేవాడు దేవుడొక్కడే. విశ్వాసుల పిల్లల్లా 'ప్రభువు సమాధానం' అని పలకరించమనండి." సమాధానమంటే వాళ్ల మాటల్లో శాంతి. కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. చదివి, మరియమాత పటం వెనక దోపాను. ఆ రాత్రి ఎలియేజర్ పక్క మీద కూర్చుని "దీవించు పెద్దమ్మా" అన్నాడు. ఐదేళ్ల వెధవ. వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది?

అలా ఇంట్లో రెండు పద్ధతులు నడిచాయి. అమ్మానాన్నలకు "ప్రభువు సమాధానం". ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి "దీవించు పెద్దమ్మా".

నాలుగేళ్లకోసారి మూడు నెలలు వచ్చేవారు. ఆ మూడు నెలలూ ఊరూరా చర్చిల్లో తమ సేవ బొమ్మలు తెర మీద చూపిస్తూ తిరిగేవారు. ఈసారి మాత్రం మిషన్ వాళ్లే చెప్పారట, రెండు నెలలు ఎక్కడికీ వెళ్లకండి, పిల్లలకు దగ్గరవ్వండి అని. పై వాళ్లు చెబితే గానీ గుర్తురాని పిల్లలు.

ఫిబ్రవరిలో, జామపండ్లు విరగ్గాసిన రోజుల్లో దిగారు. ఎలియేజర్ మోటారు సైకిళ్ల షెడ్డు నుంచి నూనె మరకల చొక్కాతోనే బస్టాండుకు వచ్చాడు. కేజియా చంకలో దాని ఎనిమిది నెలల కూతురు.

"ప్రభువు సమాధానం, మిషనరీ గారూ!" అని ఎలియేజర్ తండ్రి చెయ్యి పట్టుకుని ఊపాడు.

అబ్నేర్ మురిసిపోయాడు. "చూశావా యునీసీ, విశ్వాసంలో ఎలా నిలబడ్డారో!"

కేజియా తల్లిని మర్యాదగా కౌగిలించుకుంది. "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అంది.

ఇంటికొచ్చి కాఫీ తాగాం. కేజియా తన ఇంటికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి నా ముందు తల వంచింది. "దీవించు పెద్దమ్మా." పసిదాని చెయ్యి కూడా నా పెదాలకు ఆనించింది. "దేవుడు మిమ్మల్నిద్దర్నీ చల్లగా చూడాలి" అన్నాను. తల ఎత్తేసరికి యునీసి కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కాఫీ చల్లారిపోయే దాకా తాగలేదు.

ఆ రోజు నుంచి దాని తాపత్రయం చూడాలి. కేజియాకు ఇష్టమని ఉల్లిపాయ వేయకుండా చిక్కుడుగింజల పులుసు కాచింది.

"ఉల్లిపాయ వేయలేదా?" అంది కేజియా, ఒక ముద్ద తిని.

"నీకు పడదుగా అమ్మలూ."

"అది చిన్నప్పుడండీ. ఇప్పుడు తింటాను. మీకు తెలీదులెండి."

తల్లిని మీరు అంటుంది, నన్ను నువ్వు అంటుంది. విన్నప్పుడల్లా నా కడుపు చల్లగా ఉండేది. అబద్ధమెందుకు?

మార్చిలో ఒక ఆదివారం వాళ్ల చర్చిలో అబ్నేర్ బొమ్మలు చూపించాడు. నేనూ వెళ్లి వెనక బల్ల మీద ఎలియేజర్ పక్కన కూర్చున్నాను. తెర మీద జీడిమామిడి చెట్టు, దాని కింద యునీసి, దాని ముందు మోకాళ్ల మీద పది మంది పిల్లలు.

"అక్కడి పిల్లలు మోకరించి మమ్మల్ని దీవెన అడుగుతారు," అన్నాడు అబ్నేర్ మైకులో. "వాళ్లకు తల్లీ తండ్రీ మేమే!"

"హల్లెలూయా" అన్నారు జనం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

ఎలియేజర్ నా చెవి దగ్గరకు వంగాడు. "ఆ పిల్లల దగ్గర పాత మతం వాసన రాదు కాబోలు పెద్దమ్మా."

నేను వాడి వైపు తిరిగాను. "ఉత్తరం చూశావా?"

"పన్నెండేళ్లప్పుడే. పటం దులపమన్నావుగా. అక్క కూడా చదివింది." లేచి బయటికి వెళ్లిపోయాడు. ముందు వరసలో యునీసి తల తిప్పి, వాడు తలుపు దాటే దాకా చూసింది.

మర్నాడు పెరట్లో రాగి గంగాళంలో జామ గుజ్జు ఉడుకుతోంది. దాన్ని చివరిదాకా కలుపుతూనే ఉండాలి, ఆపితే అడుగంటుతుంది. యునీసి వచ్చి నా చేతిలోంచి తెడ్డు తీసుకుంది. చిన్నప్పుడు, అమ్మ పోయాక, ఇద్దరం ఇలాగే వంతులేసుకుని కలిపేవాళ్లం.

"అక్కా, ఒకటడుగుతాను. కాదనకు."

"అడుగు."

"నువ్వు చెబితే పిల్లలు వింటారు. వెళ్లేలోపు ఒక్కసారి... ఒక్కసారి నన్ను దీవెన అడగమని చెప్పవా?"

"అడగొద్దని రాసింది మీరేగా."

"రాసింది ఆయన."

"సంతకమో?"

గుజ్జు చిట్లి దాని మణికట్టు మీద పడింది. తుడుచుకోలేదు. "సంతకం నాదే. ఆయన ఏం చెబితే అదే దేవుడి మాట అనుకునేదాన్ని. అక్కడ ఊళ్లో పిల్లలు దీవెన అడిగితే మొదటి రోజే ఆయన ఒప్పుకున్నాడు, వాళ్ల ఆచారం కాదనకూడదట. అక్కడ ఎవరి పిల్లల తల మీదో చెయ్యి పెట్టినప్పుడల్లా నా పిల్లలు గుర్తొచ్చేవారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అయినా చెప్పక్కా."

"చూద్దాంలే. కలుపు, అడుగంటుతుంది" అన్నాను.

ఇంకా నాలుగు వారాలుంది. చెప్పలేదు. చెప్పడానికి వీలు కుదరకపోవడమా? రోజూ కుదిరేది. కేజియా పిల్లను తెచ్చి తల్లి ఒళ్లో వేసి నీళ్లు పోయించేది. ఒకరోజు ఆ నీళ్ల దగ్గరే ఇద్దరూ నవ్వుకోవడం విన్నాను. ఆ రోజు సాయంత్రం కేజియా వంటింట్లోకి వచ్చి, "పెద్దమ్మా, ఆవిడ మంచిదే కదూ?" అంది. ఒక్క మాట చాలు. "మంచిదే, వెళ్లి దీవెన అడుగు" అంటే అయిపోయేది. నేను వర్షం వచ్చేలా ఉంది, బట్టలు తీయమన్నాను.

ఎందుకంటే ఆ పిలుపొక్కటే నాది. నేను కనలేదు. వాళ్ల జ్వరాలు, వాళ్ల బడి గొడవలు, వాళ్ల పళ్లు ఊడటం, అన్నీ నేను పడ్డాను. కాగితాల మీద మాత్రం తల్లి పేరు యునీసిది. ఆ ఒక్క మాట కూడా పంచమంటే నాకు మనసొప్పలేదు. అసూయే. ఇంకో పేరు పెట్టి ఏం లాభం?

ఏప్రిల్లో వెళ్లే రోజు అందరం బస్టాండుకు వెళ్లాం. అబ్నేర్ పెట్టెలు ఎక్కించి ప్రార్థన చేశాడు. పిల్లలు "ప్రభువు సమాధానం" అన్నారు. యునీసి కదలకుండా నిలబడింది. కేజియా వైపు చూసింది, ఎలియేజర్ వైపు చూసింది, చివరికి నా వైపు. నేను పసిదాని టోపీ సవరించాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. యునీసి నా ముందుకొచ్చి, నలభై ఎనిమిదేళ్ల మనిషి, అందరి ముందూ తల వంచింది.

"దీవించక్కా."

విశ్వాసుల్లో కలిసిన రోజు నుంచి అది నన్నెప్పుడూ అలా అడగలేదు. అబ్నేర్ మొహం తిప్పుకున్నాడు. నేను దాని తల మీద చెయ్యి పెట్టి అనాల్సిన మాట అన్నాను.  అది కళ్లు తుడుచుకుని బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు.

బస్సు మలుపు తిరిగాక కేజియా పిల్లను భుజానేసుకుని, నన్ను దీవెన అడక్కుండానే ఇంటిదారి పట్టింది. ఎలియేజర్ బండి స్టార్టు చేసి నా ముందు తల వంచాడు. "దీవించు పెద్దమ్మా, షెడ్డుకు వెళ్లొస్తా."

"ఇందాక మీ అమ్మనడగాల్సిందిరా" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, రావాల్సినప్పుడు రాకుండా.

వాడు బండి ఆపేశాడు. "అక్క వారం రోజుల నుంచీ అడుగుదాం అంటూనే ఉంది. పొద్దున కూడా అంది. నేనే ఆపాను."

"ఎందుకురా?"

"నువ్వు నొచ్చుకుంటావని."

అని, దీవెన కోసం మళ్లీ తల వంచాడు.