ముందు వచ్చిన ముప్పై బస్తాలు

నందిగామ కాలేజీలో లాజిస్టిక్స్ డిగ్రీ మొదలుపెట్టిన ఏడాది ఏడుగురు చేరారు. దసరా సెలవులు అయ్యేసరికి నలుగురు మిగిలారు. రెండో ఏడు మొదట్లో ఇద్దరు. ఆ ఇద్దరిలో అక్షయ కూడా కంప్యూటర్స్‌లోకి మారిపోతూ, తన పుస్తకాలన్నీ తెచ్చి మహిమ బల్ల మీద పెట్టింది. "ఇక నీకే పనికొస్తాయిలేవే," అంది. అప్పటినుంచీ ఆ కోర్సంటే మహిమే.

వరప్రసాదరావు మాస్టారు మాత్రం రోజూ హాజరుపట్టీ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, "ఏడో నంబర్," అని పిలిచేవారు, ఎదురుగా రెండడుగుల దూరంలో కూర్చున్న పిల్లని. మహిమ లేచి నిలబడి "ప్రెజెంట్ సర్" అనేది. ఇద్దరికీ నవ్వొచ్చేది, ఇద్దరూ ఆపుకునేవాళ్ళు. ఒక్క మనిషి కోసం కోర్సెందుకండీ అని ప్రిన్సిపాల్ అంటే, మొదలుపెట్టాం కదండీ, ఈ అమ్మాయిని గట్టెక్కించి మూసేద్దాం అని, తనకి ఖాళీ ఉన్న గంటని ఈమెకి ఇచ్చేశారాయన.

సరుకు ఎక్కడ బయల్దేరుతుంది, ఎక్కడ ఆగుతుంది, దారిలో ఎందుకు పాడవుతుంది, అన్నీ విడమరిచి చెప్పేవారు. లోటల్లా ఒకటే. మాస్టారిని అడగడానికి మొహమాటపడే చిన్న చిన్న అనుమానాలు పిల్లలు పక్కవాళ్ళని అడుగుతారు. మహిమకి పక్కన ఎవరూ లేరు. అనుమానం వస్తే పుస్తకంలో వెతుక్కునేది. దొరక్కపోతే తనకి తానే ఏదో ఒకటి చెప్పుకుని ముందుకెళ్ళేది.

ఇంట్లోనూ అంతే. జగ్గయ్యపేటలో రెండు గదుల పోర్షను. అమ్మ పోయి నాలుగేళ్ళు. నాన్న థామస్ ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఆమె నందిగామ నుంచి బస్సు దిగేసరికి ఆయన వెళ్ళిపోయి ఉండేవాడు. గిన్నె మీద మూత, మూత కదలకుండా దాని మీద నీళ్ళ చెంబు పెట్టి ఉండేది. నాన్న ఆ రోజు ఇంట్లో ఉన్నాడనడానికి అదే గుర్తు. ఆదివారం ఇద్దరూ కలిసి చర్చికి వెళ్ళేవాళ్ళు. అక్కడ కూడా ఆయన మగవాళ్ళ వైపు, ఈమె ఆడవాళ్ళ వైపు.

ఆఖరి ఆర్నెల్లూ పని నేర్చుకోవడానికని నందిగామ శివార్లలో హైవే పక్కనున్న మిర్చి కోల్డ్ స్టోరేజీకి పంపించారు. చేరిన రోజే మేనేజరు భవానీప్రసాద్ ముఖాన చెప్పేశాడు.

"ఆర్నెల్లు చూస్తా. ఆఖర్న కాలేజీకి రిపోర్టు రాస్తా. పని బాగుంటే స్టాకు గుమాస్తాగా నిన్నే ఉంచేసుకుంటా. బాగోకపోతే నే రాసేదీ బాగోదు. తర్వాత అనుకోకూడదు."

ఆ కుర్చీ కావాలని మహిమకి మొదటి వారంలోనే అనిపించింది. గాజు కిటికీ పక్కన, కంప్యూటరు ముందు. ఎవరో ఒకరు వచ్చి "అమ్మాయ్, మా సరుకెక్కడుంది?" అని అడిగే కుర్చీ. తనని అడిగేవాళ్ళుంటారు. అంతకన్నా ఆమె ఏమీ కోరుకోలేదు.

జూన్ నెలాఖరు, గురువారం. రిపోర్టు రాసేది మర్నాడే. భవానీప్రసాద్ మైలవరంలో ఏదో గృహప్రవేశానికి వెళ్ళాడు. పదింటికి ఫోను మోగింది.

"బుల్లిబాబుని అమ్మాయ్. నా పేరు మీదున్న కాయల్లోంచి ముప్పై బస్తాలు లోడు చేయించు. కొన్న పార్టీ లారీ వచ్చేస్తోంది," అని పెట్టేశాడు.

కంప్యూటర్లో చూస్తే ఆయన పేర రెండు లాట్లున్నాయి. మార్చిలో వచ్చిన లాటు నంబరు రెండొందల పన్నెండు, ఏప్రిల్లో వచ్చిన నంబరు మూడొందల నలభై. రెండూ ముప్పై బస్తాలే. ఏది పంపాలో అడుగుదామని ఫోను చేతిలోకి తీసుకుంది. ఆయన గొంతులో తొందర గుర్తొచ్చింది. ఇంత చిన్న విషయం కూడా తెలీదా అంటాడేమో. గోదాము పాఠంలో మొట్టమొదటి సూత్రం కళ్ళ ముందు మెదిలింది. ముందు వచ్చింది ముందు పోవాలి. ఫోను కింద పెట్టేసింది.

ముఠా మేస్త్రి వెంకటరత్నం కొక్కెం భుజాన తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బస్తాలెత్తే పన్నెండు మంది ఆయన మాట మీద నడుస్తారు.

"ఏ లాటు మేడమ్?"

"రెండొందల పన్నెండండి."

"ముందొచ్చిందా?"

"అవునండి. ముందొచ్చింది ముందు పోవాలి."

ఆయన ఆమె వంకా, కంప్యూటరు వంకా చూశాడు. "సరే. మీ ఇష్టం," అని వెళ్ళాడు. పన్నెండుకల్లా లారీ కదిలింది.

రెండింటికి ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎండకి కొంగు నెత్తిన కప్పుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది.

"నా మిరగాయలు బయటేయించమ్మా. రేపు పొద్దున బండొస్తది. బేరగాడు మచ్చు చూసి ఖాయం చేసుకుని పోయాడు."

పొద్దున్నే బండెక్కించాలంటే కాయ ముందు సాయంత్రానికే చలిగదిలోంచి షెడ్డులోకి రావాలి. అందుకని ముందురోజే వస్తారు రైతులు. మహిమ పేరడిగింది. సౌభాగ్యమ్మ అని చెప్పింది. ఆ పేరు కంప్యూటర్లో లేదు.

"రసీదుందా అండి?"

"నా పేర్న ఎందుకుంటదే పిల్లా? పొలం బుల్లిబాబు గారిది, కౌలు నాది. పొలం కాయితం ఎవరిదైతే రసీదు వాళ్ళదే. ఆయన పేర్నే పెట్టా, మార్చిలో. ముప్పై. మూతులకి పచ్చగుడ్డ పీలికలు కట్టా. మేస్త్రికి తెల్సు."

మహిమ ఆవిణ్ణి బల్ల మీద కూర్చోమని చెప్పి, షెడ్డులోకి వెళ్ళింది. వెంకటరత్నం గోనెల మీద నడుం వాల్చి ఉన్నాడు.

"రెండొందల పన్నెండు ఆవిడదా అండి?"

"ఆవిడదే. బుల్లిబాబు గారి సొంతవి ఏప్రిల్‌వి. వానకి తడిసి, రంగు పోయి తాలుపడ్డయ్. పార్టీ కొన్నది అయ్యే."

"మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంటండి?"

మేస్త్రి లేచి కూర్చున్నాడు. "మీరు అడగలా. ఆర్నెల్లాయె మీరొచ్చి. ఒక్క మాటన్నా అడిగారా నన్ను? ఏదొచ్చినా దాన్నే అడుగుతారు," అని గాజుకిటికీ వైపు గడ్డం ఎగరేశాడు. "పొద్దున నేనే నోరు తెరిచి అడిగితే రూలు చెప్పారు. చదువుకున్న పిల్ల, మనకెందుకులే అని ఊరుకున్నా."

అది తిట్టయితే బాగుండేది. 

మహిమ తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. దారి ఒకటుంది. కంప్యూటర్లో రెండు అంకెలు అటూ ఇటూ మారిస్తే చాలు. పోయినవి మూడొందల నలభై, ఉన్నవి రెండొందల పన్నెండు. ముప్పైకి ముప్పై సరిపోతాయి. పార్టీకి మంచి కాయ ముట్టింది, వాళ్ళు నోరెత్తరు. బుల్లిబాబుకి తేడా తెలీదు. పీలికలు ఎత్తేటప్పుడు ఊడిపోయాయని చెప్పొచ్చు. ఆవిడ అరిచి గోల చేసినా చేతిలో కాయితం లేదు. రేపు రిపోర్టు చక్కగా వస్తుంది.

కిటికీలోంచి చూస్తే సౌభాగ్యమ్మ బల్ల మీద కాళ్ళు పైకి ముడుచుకుని, రేపటి పని సగం అయిపోయిన మనిషిలాగా, నింపాదిగా వక్క నములుతోంది.

మహిమ మళ్ళీ షెడ్డులోకి వెళ్ళింది.

"నాకు అడగడం అలవాటు లేదండి," అంది. ఇంకేదో చెప్పబోయి ఆగింది. "ఇప్పుడు అడుగుతున్నా. ఏం చెయ్యమంటారు?"

మేస్త్రి గోనెల మీంచి లేచి ఫోను తీశాడు. మేడమ్ అనే మాట ఆయన నోట్లోంచి అక్కడితో పోయింది.

"బండి డ్రైవరు రూబెను. కంచికచర్లలో తిని ఒక కునుకు తీస్తే గాని ముందుకు పోడు. ఇంకా అక్కడే ఉంటాడు. నేను ఫోన్ చేసి ఆపుతా. కానీ తిప్పి తేవాలంటే మేనేజరు ప్రసాదు గారు చెప్పాలమ్మాయ్. నే చెబితే తిప్పడు, నువ్వు చెబితే అసలు తిప్పడు."

మైలవరంలో భవానీప్రసాద్ ఫోను ఎత్తేసరికి వెనక సన్నాయి వినిపించింది. మహిమ జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఎవరు చేశారీ పని?"

"నేనేనండి."

"ఆ రత్నం ఏం చేస్తున్నాడు? వాడికి తెలుసు గదా, చెప్పలా?"

మేస్త్రి అక్కడే ఉన్నాడు. కొక్కెం మొనని బొటనవేలితో రుద్దుతూ నేల చూస్తున్నాడు.

"నేను అడగలేదండి," అంది మహిమ.

సన్నాయి ఇంకాస్త మోగింది. "బండి తిప్పమంటా. రేపు మాట్లాడదాం," అని పెట్టేశాడు.

లారీ నాలుగున్నరకి తిరిగొచ్చింది. రూబెను తలుపు తోసుకుని దిగుతూనే, "నిద్ర సగంలో లేపారు గదరా! కల్లో కూడా మిర్చి లోడే వచ్చింది, ఏం బతుకో," అన్నాడు. ముఠావాళ్ళు ఊరుకోలేదు. "ఎక్కించిందే దించు, దించిందే ఎక్కించు. ఇదేనా మీ కాలేజీలో చెప్పేది?" అని ఒకడంటే, ఇంకొకడు, "ఊరుకోరా, రేపు మనకి కూడా డిగ్రీ ఇస్తారు," అన్నాడు. అంటూనే ఎత్తారు. సాయంత్రం ఇళ్ళకి పోవలసిన వేళ అరవై బస్తాలు మోశారు. ముప్పై కిందికి, ముప్పై పైకి.

సౌభాగ్యమ్మకి అప్పటికి విషయం తెలిసిపోయింది. నడుం మీద చేతులు పెట్టుకుని మహిమకి ఎదురుగా నిలబడింది. "ఏమే, నా బస్తాలకి కంచికచర్ల చూపిచ్చి తెచ్చావా? ఇంకా నయం, గుంటూరు దాకా షికారు తిప్పలా!"

"తప్పయిందండి."

"తప్పంటే తప్పా? ఏడాదంతా అందులో ఉన్నానే నేను!"

 ఆవిడ ఒక్కో బస్తా దగ్గరికీ వెళ్ళి పచ్చపీలిక పట్టుకు చూసుకుంది. ఆఖరిదానికి పీలిక లేదు. మూతి సందులో వేళ్ళు దూర్చి ఒక కాయ లాగి, విరిచి, వాసన చూసింది. రెండు తుమ్ములు తుమ్మి, "ఇదీ నాదే," అంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది. "పొద్దుపోయింది. పేట బస్సు తప్పిపోద్ది, ఇంక పో," అంది.

శుక్రవారం భవానీప్రసాద్ ఆమె ఎదుటే రిపోర్టు రాశాడు. రాసింది తిప్పి చూపించాడు. పని నేర్చుకుంది, సరుకు అసలు ఎవరిదో కనుక్కోకుండా ఒకసారి పంపింది, తప్పు తనే చెప్పింది, అని మూడు ముక్కలు. కింద సంతకం.

"డిగ్రీకి ఇది చాలు. కుర్చీ మాత్రం ఇవ్వలేను," అన్నాడు. "ఆ లారీ కంచికచర్ల దాటి ఉంటే ఆవిడకి నేనేం చెప్పేవాణ్ణి? ఇక్కడ సగం సరుకు ఒకరి పేర ఇంకొకరిది. పని మానొద్దులే. సీజను అయ్యేదాకా రత్నంతో చలిగదుల్లో తిరుగు. హాజరు కూలీ ఇస్తా. ఏది ఎవరిదో తెలిశాక కుర్చీ సంగతి చూద్దాం. వేరే ఊళ్ళో ఏదన్నా దొరికితే పో, నేనేం అనుకోను."

మహిమ ఆ రాత్రి నాన్నకి చెప్పాలనుకుంది. ఆయన షిఫ్టుకి వెళ్ళిపోయాడు. చీటీ రాసి చెంబు కింద పెట్టబోయి, ఏం రాయాలో తేలక ఊరుకుంది.

సోమవారం చలిగదిలోకి అడుగుపెట్టింది. బయట ఎండ మాడుస్తుంటే లోపల నోటెంట పొగ వస్తోంది. మేస్త్రి తన మఫ్లరు విప్పి ఆమె మీదికి విసిరాడు. "చెవులు కప్పుకో. మొదటి రోజు చెవులే పోతయ్."

చీకటి సందుల్లో ఆయన ముందు నడుస్తూ బస్తాల మీద తట్టుకుంటూ చెబుతున్నాడు. రసీదు ఫలానా ఆసామిది, కాయ వాళ్ళ పాలేరుది. రసీదు ఊళ్ళో లేని కొడుకుది, కాయ ఇక్కడున్న తమ్ముడిది. మహిమ నోటుబుక్కులో రసీదుకొకటి, కాయకొకటి రెండు గడులు గీసి రాసుకుంటోంది. వేళ్ళు కొంకర్లు పోతున్నా ప్రతి లాటు దగ్గరా ఆగి, "ఇది?" అని అడుగుతోంది. అడుగుతుంటే మొదట్లో ఉన్న బెరుకు నాలుగైదు వరసలు దాటేసరికి తగ్గింది.

ఒక మూల, అడుగు వరసలో, నాలుగు బస్తాలున్నాయి. మేస్త్రి వాటిని తట్టకుండా దాటిపోయాడు.

"ఇవండి? ఇవెవరివి?"

ఆయన వెనక్కి తిరిగాడు. 

"అరెకరం కౌలుకి చేశాలే ఈసారి," అన్నాడు. "అవి నాయి."

మార్చినుంచి వాటి పక్కగా ఎన్ని వందల బస్తాలు మోసి ఉంటాడో. ఆఫీసులో అందరికీ ఆయన ముఠా మేస్త్రి. ఆయనకీ ఇక్కడ సరుకుందని ఎవరికీ తెలీదు. మహిమ రెండో గడిలో 'వెంకటరత్నం, నాలుగు' అని రాసింది.

ఆయన వంగి, ఆ మసక దీపంలో ఆ అక్షరాల్ని ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు.

"ఇంటి పేరు కూడా రాయమ్మా," అన్నాడు.