ముత్తాత వేసిన ముడి

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది మేం నలుగురం: ఫోల్కెర్ట్ తాతయ్య, గేషె అత్త, వీల్హెల్మ్స్‌హాఫెన్ ఊరి నుంచి వచ్చిన తాతయ్య స్నేహితుడు ఓన్కెన్ గారు, నేను. అమ్మ ఆస్పత్రి డ్యూటీలో ఉంది. అమ్మ ఉంటే ముందే చెప్పేసేదాన్నేమో.

తాతయ్య దగ్గర పన్నెండు బాకులున్నాయి. అన్నీ జర్మనీ చక్రవర్తి కైజర్ కాలపు నౌకాదళ అధికారులవి. పదకొండు ఆయన కొన్నవి. పన్నెండోది వాళ్ళ నాన్నది. పందొమ్మిది వందల పదహారులో, యుద్ధానికి చివరిసారి ఓడ ఎక్కేముందు ముత్తాత దాని వెండి జరీ తాడును తన చేత్తో ఒరకు ముడి వేసి, మేకుకు తగిలించి వెళ్ళాడట. ఓడ తిరిగి రాలేదు. అప్పటికి తాతయ్యకు ఐదేళ్ళు.

ఆ ముడి తప్పు. నౌకాదళం ముడికి ఒక పద్ధతుంది, ముత్తాతది దానికి తిరగబడి ఉండేది. ఓన్కెన్ గారు వచ్చినప్పుడల్లా అదే మాట.

"మీ నాన్నకి ముడెయ్యడం కూడా నేర్పకుండానే ఆఫీసర్ని చేశారా, ఫోల్కెర్ట్?"

"నీకు బొడ్డూడకముందు వేసిన ముడి అది. నోర్మూసుకుని టీ తాగు."

తాతయ్య నవ్వుతూనే అనేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. గురువారం తాతయ్య డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ ముడి విప్పాను. తాడును సబ్బునీళ్ళలో ఉతికి, ఆరాక అట్లాసు కింద పెట్టి సాపు చేశాను. తాతయ్య పుస్తకంలో బొమ్మ చూసి, పద్ధతి ప్రకారం ముడి వేశాను. నాలుగుసార్లు వేస్తే కుదిరింది. ఇక ఓన్కెన్ గారి నోరు మూతపడుతుందనుకున్నాను. రాత్రి పక్క మీద పడుకున్నాక గాని, నేనేం విప్పానో నాకు తెలియలేదు. అప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. రోజూ చెప్దామని వెళ్ళడం, తాతయ్య కుర్చీలో కునుకు తీస్తుంటే వెనక్కి వచ్చేయడం.

ఈ చలికాలపు జబ్బు తర్వాత తాతయ్య బాగా నీరసించాడు. ఆ ఆదివారం బాకుల బీరువా తలుపు తీయడానికి కూడా మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఓన్కెన్ గారు తాతయ్యలాగే చేతులకు నూలు తొడుగులు వేసుకుని పన్నెండో బాకును కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళారు.

"అబ్బో! ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందన్నమాట. సరిచేయించావే!"

"ఏంటి సరిచేయించేది?"

"ముడి. ఇదిగో, శుభ్రంగా ఉంది."

తాతయ్యకు చూపు ఆనదు. బాకును అందుకుని, చేతి తొడుగు తీసేసి బొటనవేలితో ముడిని తడిమాడు. మళ్ళీ తడిమాడు. ఓన్కెన్ గారి ముఖంలో నవ్వు పోయింది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అంది గేషె అత్త.

"నేనే, తాతయ్యా," అన్నాను. "తప్పుగా ఉందని అందరూ నవ్వుతుంటే..."

"అందరూ కాదమ్మా, నేనొక్కణ్ణే," అన్నారు ఓన్కెన్ గారు తల దించుకుని.

తాతయ్య కోప్పడతాడని చూశాను. కోప్పడలేదు. "మా నాన్నది ఎడమచేతి వాటం, హిల్కా," అన్నాడు. "దుమ్ము దులపడానికి కూడా మా అమ్మ దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. మళ్ళీ అలాగే వెయ్యగలవా?"

బల్ల దగ్గర కూర్చుని విప్పాను. ఎడమచేత్తో మొదలుపెట్టాను. పాత మడతలు మిగిలి ఉంటే దారి తెలిసేది. వాటిని నేనే ఉతికి సాపు చేసేశాను. రెండుసార్లు వేసి చూశాను. రెండూ నా ముడులే అయ్యాయి. టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

"వదిలెయ్ తల్లీ. అలిసిపోయాను," అన్నాడు తాతయ్య.

"ఇంకొక్కసారి, తాతయ్యా."

"వద్దు."

తాడు నా చేతిలోంచి తీసుకున్నాడు. ఓన్కెన్ గారినీ అత్తనూ ఉండమనలేదు, పొమ్మనలేదు. నన్ను మాత్రం భుజం పట్టుకుని గుమ్మం దాకా నడిపించాడు. ఆ చేతిలో బరువే లేదు. నేను నడవలోకి అడుగుపెట్టి వెనక్కి తిరిగేసరికి తలుపు మూశాడు.