మూడో అంటు

"అక్కా, జేసీబీ నాలుగిండ్ల అవతలికొచ్చింది!"

చెల్లెలు శైలజ కేకకు నిచ్చెన మీదున్న సత్తమ్మ చేతులు వేగం అందుకున్నాయి. దేవరకొండలో శైలజ ఇంటి పెరటి గోడ, గోడవార అంజీరు చెట్టు, రెండూ ఈ పూటే మురుగుకాలువ తవ్వకానికి పోతున్నాయి.

చెట్టు పోతే ఆ రకమే పోతుంది. నార్కట్‌పల్లి దగ్గర తన పెరట్లో సత్తమ్మ ఇదివరకే రెండు రకాలు పెంచి చూసింది. డయానా కాయ గుప్పెడంత, రుచి మాత్రం చప్పన. పూనా తియ్యనిదే, కానీ తొలి వానకే పగిలి చీమల పాలైంది. పేరు తెలియని ఈ చెట్టు పండు బొటనవేలంతే. కొరికితే బెల్లంపాకం. ఎంత వానకైనా పగలదు.

దీని కొమ్మలు రెండుసార్లు తీసుకెళ్లి నాటితే రెండుసార్లూ ఎండిపోయాయి. అందుకే రెండు నెలల కిందట సత్తమ్మ, భర్త ఐలేశం వచ్చి మూడు కొమ్మలకు బెరడు ఉంగరంలా వలిచి, తడి కొబ్బరిపీచు అద్ది, పాలిథీన్ చుట్టి, చెట్టు మీదే వేర్లొచ్చేలా అంట్లు కట్టారు. వాటి మీద వారానికోసారి నీళ్లు పోయడం శైలజ పని.

సత్తమ్మ మొదటి అంటు విప్పింది. పీచు పొడిపొడిగా రాలింది. ఒక్క వేరు లేదు. రెండోదీ అంతే.

"నీళ్లు పొయ్యలేదానే?"

"ఒట్టు అక్కా, ఒక్క వారం తప్పలే!"

సత్తమ్మ కట్టు వంక చూసి తల కొట్టుకుంది. చీర నూలుకు రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు పట్టీ బిగించడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. ఆమె కట్టు దాటి చుక్క దిగదు. కొమ్మకూ అదే కట్టు కట్టింది!

పక్కింటి గోడ దభీమని కూలింది.

"మూడోది నేను కట్టిన," కింద నుంచి నసిగాడు ఐలేశం.

"నీ కట్టా? రంగు దిగి ఎన్ని చీరెలు ఖరాబైనయో..."

మాట అక్కడే ఆగింది. రంగు దిగే కట్టయితే నీళ్లూ దిగే ఉంటాయి!

పట్టీ లాగింది. పాలిథీన్ లోపల తెల్లటి వేర్లు, సేమియా ముద్దలా!

"ఏమయ్యా, రంపం! జల్ది!"

జేసీబీ తొండం గోడ మీదికి లేచింది. డ్రైవర్ గిరి అరిచాడు. "దిగుండ్రమ్మా, మీద పడ్తది!"

"ఒక్క నిమిషం ఆగు బిడ్డా!"

రంపం కరకరలాడింది. కొమ్మ తెగి ఐలేశం చేతుల్లో పడింది. సత్తమ్మ దూకినంత పని చేసి దిగింది. ఆమె నాలుగడుగులు వేసిందో లేదో గోడ, చెట్టు ఒక్కసారే ఒరిగాయి.

గిరి ఇంజన్ ఆపి దిగొచ్చాడు. "గా కట్టెల ఏమున్నదని గంత పానం మీదికి తెచ్చుకున్నవ్?"

ఆమె దుమ్ములోంచి ఒక పండు ఏరి, కొంగుతో తుడిచి ఇచ్చింది. గిరి నమిలాడు. మళ్లీ నమిలాడు.

"మాది మక్తల్. మా ఇంటెనక జాగా ఉన్నది. నాకొక్క అంటు..."

"ముందుగాల ఇది బతకనీ. పై ఏడాది వానలకు రా," అంది సత్తమ్మ, వేర్లకు చుట్టడానికి తడిగుడ్డ అందుకుని ఐలేశం వైపు పరుగెత్తుతూ. "మొదటి అంటు నీదే!"