ఊ అనలేని వయసు

బడి పోయిన కబురు సుధారాణికి అన్వర్ బాషా తెచ్చాడు. ఇరాకీ ట్యాంకులు కువైట్‌లోకి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. అబూ హలీఫాలో ఆమె ఇంటి దాకా ఎండలో నడిచి వచ్చి, గుమ్మం బయటే చెప్పులు విడిచి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయన రాయచోటి మనిషి, ఆమె పాఠాలు చెప్పే బడికి వాచ్‌మన్.

"బడి ఖలాస్ మేడమ్," అన్నాడు. "సోల్జర్లు జొరబడినారు. మీ ఆరో తరగతిలో బెంచీలన్నీ ఒకదానికొకటి ఆనించి పండుకున్నారు. నన్ను బయటికి పొమ్మన్నారు."

"పిల్లల సామాన్లో?"

"యాడివి మేడమ్? కుర్చీలు విరగ్గొట్టి టీ కాంచుకుంటాండారు. మీరు తుడపొద్దన్నారని ఆ బోర్డొకటి ఇన్నాళ్ళూ కాపాడితి. ఇప్పుడు దాని మీద అరబ్బీలో ఏందో రాసుకున్నారు."

సుధారాణి ఆయన్ని లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. ఒళ్ళో పాప నిద్రపోతోంది. పాప పేరు నీలవేణి. పుట్టి నెల దాటలేదు. పెళ్ళైన పదకొండేళ్ళకు పుట్టిన బిడ్డ కావడంతో, బడి పోయిందన్న మాట విన్నప్పుడు కూడా ఆమె ముందు పాప చెవి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ బోర్డు మీద ఏముందో అన్వర్ బాషాకు తెలియదు. ఆమెకు తెలుసు. మే నెలాఖరులో, వేసవి సెలవులకు రెండు మూడు రోజుల ముందు, ఆరో తరగతి పిల్లలకు ఆమె ఒక చర్చ పెట్టింది. పసిపిల్లలూ చిన్నపిల్లలూ అంతరిక్షంలోకి వెళ్ళవచ్చా, కూడదా? బోర్డును నిలువుగా గీత గీసి రెండు భాగాలు చేసింది. ఆమె పెట్టే చర్చలకు ఒక పద్ధతి ఉండేది. వెళ్ళాలనుకునేవాళ్ళు వద్దని మాట్లాడాలి. వద్దనుకునేవాళ్ళు వెళ్ళాలని మాట్లాడాలి. ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు చెబితే అది అరుచుకోవడమే అవుతుందని, అవతలివాడి చెప్పుల్లో కాలు పెడితేనే ఆలోచన మొదలవుతుందని ఆమె నమ్మకం. పిల్లలకు మొదట్లో ఇది విచిత్రంగా ఉండేది. తర్వాత తర్వాత అదొక ఆటయింది.

ఆ గది ఆమెకు చాలా ఇష్టం. కిటికీకి అవతల ఇసుక, దాని వెనక సన్నటి నీలం చారలాగా సముద్రం. గోడలోని ఏసీ లారీలాగా మోగేది. దాని మోతకు పైగా మాట్లాడీ మాట్లాడీ ఆ బడి పిల్లలందరికీ గొంతు పెద్దదయింది. మలయాళీ పిల్లలు, గుజరాతీ పిల్లలు, హైదరాబాదు పిల్లలు, మధ్యాహ్నం డబ్బాలు విప్పితే పది ఊళ్ళ వాసన. ఇంగ్లీషులో మొదలుపెట్టి, కోపమొస్తే హిందీలోకి దిగి, మరీ కోపమొస్తే ఎవరింటి భాషలోకి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ రోజు వద్దని మాట్లాడే వంతు రూబీకి వచ్చింది. రూబీ ఆమె పక్కింటి నర్సు కరుణమ్మ కూతురు. పెద్దయ్యాక చంద్రుడి మీద ఇల్లు కట్టుకుంటానని ఇంట్లో గోడల మీద బొగ్గుతో ప్లాను గీసి తల్లిచేత తిట్లు తిన్న పిల్ల. అయినా లేచి నిలబడి వద్దనే గట్టిగా వాదించింది.

"అక్కడ బరువుండదు టీచర్. బరువు లేకపోతే ఎముక గట్టిపడదు. పాకడమే రాని పాప నడకెలా నేర్చుకుంటుంది? అన్నింటికంటే ముఖ్యం, పెద్దవాళ్ళు వెళ్తామని సంతకం పెట్టి వెళ్తారు. పసిపాప ఊ అనలేదు, ఊహూ అనలేదు. అడిగితే చెప్పలేనివాళ్ళని అంత దూరం తీసుకెళ్ళకూడదు."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఇక రెండో పక్షం. లిఫ్టు ఎక్కాలన్నా భయపడే షహర్‌బాను వెళ్ళాలని మాట్లాడాలి. లేచి, జడ చివర వేలికి చుట్టుకుంటూ కాసేపు నిలబడింది. తర్వాత అంది:

"మనల్ని కువైట్ తెచ్చేటప్పుడు మనల్ని ఎవరడిగారు?"

రూబీ తల తిప్పి చూసింది. షహర్‌బాను ఆగలేదు.

"నేను అప్పుడు రెణ్ణెల్ల పిల్లనంట. విమానంలో ఎక్కినప్పట్నుంచీ దిగేదాకా ఏడ్చానంట. మా అమ్మీ కూడా ఏడ్చిందంట. ఇప్పుడు సెలవులకు మా ఊరికి పోతే నాకే నిద్రపట్టదు, ఎప్పుడు ఇంటికి పోదామా అంటాను. ఇల్లంటే ఇదే కదా టీచర్. అక్కడికి పోయిన పాపకు అక్కడే ఇల్లవుతుంది. అమ్మా నాన్నా ఉన్నచోటే కదా పాప ఉండాల్సింది?"

రూబీ లేచి అరిచింది. "కువైట్‌లో గాలి ఉంది!"

"జూలైలో వచ్చి పీల్చుకో!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. అంతా నవ్వారు. సుధారాణి కూడా నవ్వింది. నవ్వుతుంటే కడుపులో బిడ్డ కదిలింది. ఆమె టేబులు అంచు పట్టుకోవడం షహర్‌బాను చూసింది.

"టీచర్, మీరైతే మీ పాపను తీసుకెళ్తారా?"

"నేను జడ్జిని. జడ్జి మాట్లాడకూడదు," అంది సుధారాణి. గంట కొట్టారు. సెలవుల తర్వాత మిగతావాళ్ళు మాట్లాడాలని, అప్పుడు చేతులెత్తించి తేలుద్దామని చెప్పి, బోర్డు తుడవవద్దని అన్వర్ బాషాకు చెప్పి ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం భర్త మునీంద్రకు ఇదంతా చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన ఏసీలు బాగుచేసే కంపెనీలో మేస్త్రీ. "మీ పిల్లోళ్ళను మా కంపెనీకి పంపియ్యి. ఒక్కడూ పనిజెయ్యడు గానీ మాటల్తోనే చల్లబెడతారు," అన్నాడు. సముద్రం ఒడ్డున నడుస్తూ, వేడి వేడి ఖుబూస్ రొట్టె తుంచి తింటూ, ఆడపిల్లయితే ఏం పేరు, మగపిల్లాడయితే ఏం పేరు అని మాట్లాడుకుంటూ తిరిగొచ్చారు. ఆ నడక సుధారాణికి ఎన్నేళ్ళయినా అలాగే గుర్తుంది. ఉప్పు గాలి, కాలికింద ఇంకా చల్లారని ఇసుక, ఆయన చేతిలో నూనె మరకల వాసన.

ఆగస్టు గడుస్తున్నకొద్దీ భవనంలో ఒక్కో వాటా ఖాళీ అయింది. ఇండియా వాళ్ళు బస్సులు మాట్లాడుకుని బస్రా మీదుగా, బాగ్దాదు మీదుగా జోర్డాన్ పోతున్నారు. అక్కణ్ణుంచి విమానాలు బొంబాయికి తీసుకెళ్తున్నాయట. మునీంద్ర ఆ బస్సుల సంగతే మాట్లాడేవాడు. సుధారాణి వద్దనేది. మూడో నెల రాకుండా బిడ్డను గడప దాటించకూడదని వాళ్ళ ఇళ్ళలో పట్టింపు. దానికంటే ఆమెకు ఎడారి భయం. రోజూ అదే మాట, అదే జవాబు. ఇద్దరి గొంతులూ పెరిగి పాప లేచేది.

ఒక మధ్యాహ్నం కరుణమ్మ వచ్చేసరికి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు. ఆమె భర్త దేవదానం సెలవు మీద రాజోలు వెళ్ళి అక్కడే చిక్కుబడిపోయాడు. కూతురితో ఒంటరిగా ఉంటూ కూడా, డ్యూటీ నుంచి రాగానే ముందు పాపను చూడకుండా ఆమె తన ఇంటి తలుపు తీసేది కాదు.

"ఏవిటండీ, మళ్ళీ మొదలెట్టేశారా?" అంది పాపను ఎత్తుకుంటూ. "మీ గోలకి పిల్ల చిక్కిపోతోంది. సుధగారూ, మీ బళ్ళో ఏదో ఆట ఆడిస్తారంట కదా, మా రూబీ చెప్తా ఉంటాది. అదేదో ఇక్కడ ఆడండి. నేను జడ్జీని."

సుధారాణి మొదట తల అడ్డంగా ఊపింది. తర్వాత కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది, క్లాసులో కూర్చున్నట్టు.

"సరే. మీరు ఉండేదానికి మాట్లాడండి. నేను పొయ్యేదానికి మాట్లాడతా."

"నాకేం జేతనైతాది ఇవన్నీ," అన్నాడు మునీంద్ర. కానీ మొదలుపెట్టాక ఆగలేదు. "ఇక్కడ కొళాయిలో నీళ్ళొస్తాండాయి. ఏసీ ఆడతాండాది, చెడిపోతే బాగుజేసేదానికి నేనుండా. పక్కింట్లో నర్సుండాది. దావలో ఏముండాది? ఇసుక. బస్సు చెడిపోతే? పాపకు జరమొస్తే ఎవుర్ని పిలవాల? సోల్జర్లు మన జోలికి రాలేదు గదా ఇంతవరకూ. పసిబిడ్డను ఎత్తుకోని ఎండల్లోకి పొయ్యేది ఎవురన్నా చేసే పనేనా?" చివరికొచ్చేసరికి ఆయన గొంతు మారింది. తన మాటలు తనకే కొత్తగా వినిపించినట్టు ఆగిపోయాడు.

సుధారాణి నెమ్మదిగా మొదలుపెట్టింది. "పాల డబ్బాలు అంగట్లో లేవు. ఇంట్లో ఉన్నవి అయిపోతే నా పాలు చాలవు. కరెంటు ఒక రోజు పోతే ఏసీ గోడకు పెట్టిన ఇనప పెట్టె. ఈరోజు బస్సులుండాయి, రేపు ఉంటాయని ఎవరు చెప్పినారు? యుద్ధం పెద్దదైతే ఇంట్లో ఉండేవాళ్ళను ఇల్లు కాపాడదు. అందరూ పొయ్యేటప్పుడు అందరితో పోతే పాపకు నలుగురుంటారు. తర్వాత ఒంటరిగా పోవాల్సి వస్తే ఎవరుంటారు?"

మునీంద్ర కరుణమ్మ చేతుల్లోని పాపను చూశాడు.

"ఇంక వద్దులే సుధా," అన్నాడు మునీంద్ర. "నువ్వు ఇన్నాళ్ళూ చెప్పిందే నిజం. ఉండిపోదాం."

"నేను ఉండమని చెప్పలేదే ఇప్పుడు," అంది సుధారాణి. "పోదాం."

కరుణమ్మ నుదురు కొట్టుకుంది. "బాగుందండీ మీ పంతుల తెలివి! ఇందాక ఆయన వెళ్దాం అన్నారు, మీరు ఉందాం అన్నారు. ఇప్పుడు ఆయన ఉందాం అంటున్నారు, మీరు వెళ్దాం అంటున్నారు. మొగుడూ పెళ్ళాం ఒక్క వైపు కూచోవడం మీకు రాదా? ఏం తీర్పు చెప్పమంటారు నన్ను?" ముగ్గురూ నవ్వారు. యుద్ధం మొదలయ్యాక ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు. నవ్వు తగ్గాక ఆమె పాప పాదం అరచేతిలో పెట్టుకుని, తల ఎత్తకుండా అంది: "నేనూ రూబీ ఈ ఆదివారం బస్సెక్కేస్తున్నామండీ. ఆ మాట చెబుదామనే వచ్చాను. ఎలా చెప్పాలో తెలీక కూచున్నాను."

పక్కింట్లో నర్సు ఉండదు. మునీంద్ర చెప్పిన వాదనలో ఆ ఆసరా విరిగిపోయింది. ఆయన భార్య వైపు చూశాడు. సుధారాణి లేచి పాప బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

బస్సులో రూబీ కిటికీ పక్క సీటు పాపకిచ్చింది. బస్రా దాటేదాకా పాప నిద్రపోయింది. బాగ్దాదు దాటాక కళ్ళు తెరిచి, పరదా సందులోంచి పడే వెలుగు చారను చూస్తూ ఆడుకుంది. "చూశారా టీచర్, భయపడటం లేదు," అంది రూబీ. కరుణమ్మ తడిగుడ్డ మార్చి మార్చి పాప ఒళ్ళు తుడుస్తూనే ఉంది.

జోర్డాన్ సరిహద్దు దగ్గర, ఇంకా ఇరాక్ వైపునే, బస్సులు ఆగిపోయాయి. ముందు వేలమంది ఉన్నారు. గుడారాలు, దుమ్ము, నీళ్ళ ట్యాంకరు కోసం బారులు. వంతు వచ్చేదాకా ఎదురుచూడాలన్నారు. అక్కడ పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. కరుణమ్మ నీళ్ళు కాచి, ఉప్పూ పంచదారా కలిపి, చెంచా చెంచా పోసింది. డాక్టరు కోసం మునీంద్ర గుడారం గుడారం తిరిగాడు. డాక్టరు వచ్చాడు. ఆయన చేయగలిగింది చేశాడు. మర్నాడు పొద్దున, ఎండ ఇంకా ఎక్కకముందే, పాప పోయింది.

వాళ్ళలో పసిబిడ్డలను దహనం చేయరు. శిబిరానికి కొంచెం దూరంగా, రాళ్ళు తక్కువగా ఉన్నచోట మునీంద్ర తవ్వాడు. పేరు తెలియని ఒక బంగ్లాదేశ్ మనిషి గడ్డపార తెచ్చి ఇచ్చి, తనూ తవ్వాడు. కరుణమ్మ ప్రార్థన చేసింది. సుధారాణి మట్టి వేసింది. రూబీ ఏడవకుండా రాళ్ళు ఏరి తెచ్చి చుట్టూ పేర్చింది. ఆ సాయంత్రమే వాళ్ళ వంతు వచ్చింది.

ఆ తర్వాత సుధారాణి ప్రొద్దుటూరులో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పింది. ఒకసారి ఏడో తరగతిలో ఒక పిల్లవాడు, రాకెట్ల పాఠం మధ్యలో, చిన్నపిల్లల్ని కూడా అంతరిక్షంలోకి తీసుకెళ్తే ఏమవుతుంది టీచర్ అని అడిగాడు. ఎముకల గురించీ గాలి గురించీ ఆమె చెప్పాల్సింది చెప్పింది. వెళ్ళాలా కూడదా అని వాడు మళ్ళీ అడిగితే, తీసుకెళ్ళేవాళ్ళకు కూడా ముందు తెలియదు నాయనా అని పుస్తకం తెరిచింది.

అబూ హలీఫా గురించి మాట్లాడుకోవడం మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఆగలేదు. ఖుబూస్ రుచి ఈ ఊరి రొట్టెకు రాదని మునీంద్ర అనేవాడు. కరుణమ్మ రాజోలు నుంచి ఫోను చేసినప్పుడల్లా ఆ లారీలాంటి ఏసీ మోతను గుర్తుచేసి నవ్వించేది. పాప నవ్వు గురించి కూడా మాట్లాడుకునేవాళ్ళు, మెల్లగా, ఎవరూ గొంతు తడబడకుండా. పాపను పూడ్చిన చోటు ఎక్కడో తనకు గుర్తుందని, రోడ్డుకు కుడివైపని, పరిస్థితులు బాగుపడ్డాక వెళ్దామని మునీంద్ర ప్రతి ఏడూ అనేవాడు. ఇరాక్‌లో ఒక యుద్ధం తర్వాత ఇంకొకటి వచ్చింది. మునీంద్ర పోయి మూడేళ్ళయింది.

సుధారాణి పాప దగ్గరికి ఇంకా వెళ్ళలేదు.