పరదేశి ఆడపడుచు

పోయిన తడవ నన్ను మద్రాసు నుంచి వెళ్ళగొట్టించిన తమ్ముడే ఈ తడవ నా వీసా కోసం హామీ కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ కబురు రంగూన్‌లో నా చెవిన పడ్డ రోజు కడుపునిండా అన్నం తిన్నాను. రెండేళ్ళ తర్వాత ఆకలి వేసింది మరి.

నేను పుట్టింది మద్రాసులోని చూలై పేటలో. పదహారో ఏట పెళ్ళయి రంగూన్ వెళ్ళాను. మా ఆయనకు అక్కడ రేవులో ఉద్యోగం. బర్మాకు స్వతంత్రం వచ్చాక ఆ ఉద్యోగం నిలవాలంటే ఆ దేశపు పౌరసత్వం తీసుకోక తప్పలేదు. ఆయనతోపాటు నేనూ సంతకం పెట్టాను. దాంతో పుట్టిన ఊరికి చుట్టాన్నయ్యాను. అదీ తేదీ వేసిన చుట్టాన్ని.

యాభై నాలుగులో అమ్మ మంచం పట్టిందని తెలిసి మూడు నెలల వీసా మీద వచ్చాను. గడువు ముగిసే నాటికి అమ్మ గంజి కూడా మింగడం లేదు. ఇంకో నెల ఇమ్మని పరదేశుల సంగతి చూసే పోలీసు ఆఫీసుకు వెళ్ళాను. ఇంటి పెద్ద చేత ఒక ఉత్తరం రాయించుకు వస్తే చాలన్నాడు అక్కడి ఆఫీసరు. నాన్న ఎప్పుడో పోయాడు కనుక ఇంటి పెద్ద మా తమ్ముడు మునికృష్ణే.

"నువ్వు అమ్మ కాడ ఉండక్కా. నేనే రాసి, తీసుకపోయి ఇచ్చేసి వస్తా" అన్నాడు. నమ్మాను.

మూడో రోజు ఆఫీసరు నన్ను పిలిపించి ఆ ఉత్తరం నా ముందు పెట్టాడు. 'మా అమ్మకు నయమైంది. ఈమె పరదేశస్థురాలు. భర్తను కూడా రప్పించి ఈ ఇంట్లోనే స్థిరపడాలని చూస్తోంది. ఈమె ఇక్కడ ఉండడం మాకు సమ్మతం కాదు.' చిన్నప్పుడు వాడి చెయ్యి పట్టుకుని పలక మీద నేను దిద్దించిన అక్షరాలే అవి.

ఇంటికి వచ్చి నిలదీస్తే, తల వంచుకుని, "ఇల్లు చిన్నది గదక్కా" అన్నాడు. అంతే!

ఓడ ఎక్కక తప్పలేదు. నేను రంగూన్‌లో దిగేసరికి అమ్మ పోయిందన్న తంతి నాకంటే ముందే వచ్చి కూర్చుంది. పోయినవాళ్ళ నోట్లో కడసారి బియ్యం వేయడాన్ని మావాళ్ళు వాయికరిసి అంటారు. మా అమ్మకు కన్నకూతురు ఉండి కూడా ఆ పిడికెడు గింజలు కూతురి చేత్తో పడలేదు. నేను ఏడవలేదు. వాడు చేసిన పని వాడి నోటితోనే నలుగురిలో చెప్పించేదాకా ఏడవనని ఒట్టు పెట్టుకున్నాను.

యాభై ఆరులో వాడికి మైలాపూరు చెంగల్రాయుడుగారి అమ్మాయి కనకవల్లితో పెళ్ళి కుదిరింది. మా మద్రాసు తెలుగువాళ్ళలో పెళ్ళికొడుకు తాళికి మొదటి ముడి మాత్రమే వేస్తాడు. తక్కిన రెండు ముళ్ళూ వాడి తోబుట్టువు వేయాలి. తోబుట్టువు లేకపోతే ఏ పినతండ్రి కూతురో వేస్తుంది. కానీ ఉన్న ఒక్క అక్కా రాకపోతే, ఎందుకు రాలేదని పిల్ల తండ్రి కూపీ లాగడూ? అందుకే వాడు మళ్ళీ అదే ఆఫీసు మెట్లెక్కి, ఈమె నా సొంత అక్క, చూలైలో మా ఇంట్లోనే పుట్టింది, పూచీ నాది అని రాసిచ్చాడు. నాకు పదిహేను రోజుల వీసా వచ్చింది. అన్ని రోజులతో నాకేం పని?

వారం పాటు పసుపు దంచాను, ముగ్గులు పెట్టాను, వాడికి నలుగు పెట్టాను. అక్క అన్నీ మరిచిపోయిందనుకున్నాడు వెర్రి వెధవ.

ముహూర్తం వేళ మేళం హోరెత్తింది. వాడు మొదటి ముడి వేసి, దారం కొసలు నాకు అందించబోయాడు. నేను పెళ్ళికూతురి వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఏందక్కా, పట్టుకో."

"నేను పరదేశిని గదరా. నా ముడి చెల్లుతుందో లేదో ఆ ఆఫీసులో అడిగిరా పో."

చెంగల్రాయుడుగారు చెయ్యెత్తి మేళం ఆపించారు. "ఏందమ్మా ఇది? ముహూర్తం దాటిపోతా ఉండాది."

"వేస్తాను మామా. మాయమ్మ పోయేటప్పుడు నేను ఈడ ఎందుకు లేనో మీ అల్లుణ్ణి చెప్పమనండి, చాలు."

"ఇప్పుడొద్దక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు మునికృష్ణ.

"కాళ్ళొద్దు. నోరు తెరువు."

మొదట గొణిగాడు. వినపడలేదన్నాను. రెండోసారి మండపమంతా విన్నది. "అమ్మకి నయమైందని అబద్దం రాసిచ్చినా. అక్కని నేనే పంపించేసినా. మా ఇంట్లో పాతుకపోతుందని బయమేసింది."

ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చెంగల్రాయుడుగారి ముఖం మాడిపోయింది. రెండేళ్ళ కడుపుమంట ఒక్క దెబ్బకు చల్లారింది నాకు. హాయిగా ఉంది, అబద్ధమెందుకు!

అన్న మాట ప్రకారం వంగి రెండు ముళ్ళూ గట్టిగా బిగించాను. మేళం మళ్ళీ అందుకుంది. అక్షింతలు పడుతున్నాయి. ఆ సందడిలో కనకవల్లి తల తిప్పకుండా, నాకొక్కదానికే వినపడేలా అడిగింది.

"ఇదంతా మొదటి ముడి పడకముందే చెప్పుంటే నేను పీట దిగి పోయుందును గదా వదినా?"

ఇంకో వారంలో నేను ఓడ ఎక్కేస్తాను. వాడితో ఉండాల్సింది ఆ పిల్ల.