బియ్యం డబ్బాలో కత్తెర

లూర్దు మేరీ జాకెట్టుకి మూడో హుక్కు కుట్టి, ముడి వేసి, దారాన్ని పంటితో కొరికింది. గుమ్మం దగ్గర వెలుగు ఇంకా సరిగ్గా పడలేదు. సూది పోట్లకి ఆమె ఎడమ బొటనవేలు గరుకుతేలింది. ముందు పన్ను అంచు కూడా కాస్త అరిగింది. తుమ్మపాలలో ఇంటి దగ్గరే కూర్చుని, అనకాపల్లి టైలరు షాపుకి హుక్కులూ కాజాలూ కుట్టివ్వడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. అన్నేళ్ళూ కత్తెరే వాడింది. ఈ రెండు నెలలుగానే పళ్ళు.

"మేరమ్మా, ఈ దారాలు ఎలక్కొరికినట్టున్నాయి. ఎలకని గానీ పన్లో పెట్టేవేటి?" అని మొన్న టైలరు అప్పలరాజు అందరి ముందూ నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది. కత్తెర ఎక్కడుందో చెప్పలేదు.

కూతురు సుజి డిగ్రీ రెండో సంవత్సరం. దసరా సెలవుల తర్వాత కాలేజీకి వెళ్ళడం మానేసింది. తర్వాత తల దువ్వుకోవడం, ఆ తర్వాత మాట్లాడటం. గోడవైపు తిరిగి పడుకునేది. ఏమైందని అడిగితే ఏమీ కాలేదనేది. మేరీకి దేనికైనా చెడే ముందు తోస్తుంది. వేళకాని వేళ ఫోను మోగితే, లారీ మీద రాయపూరు వెళ్ళిన భర్త యేసుదానానికి ఏదో అయిపోయిందనుకునే మనిషి. సుజి మాట్లాడటం మానేసిన వారంలోనే స్నానాలగది గడియ ఊడదీసింది. కత్తెరను బియ్యం డబ్బాలో అడుక్కి తోసేసింది. బియ్యం తీసేది తనే కదా.

హాజరు పడిపోయిందని కాలేజీ నుంచి ఫోన్ చేసింది, పిల్లల కష్టసుఖాలు వినే కౌన్సెలర్ ఇందు మేడం. వారానికొకసారి ఫోన్లోనే సుజితో మాట్లాడేది. మొదటి వారమే ఒక గళ్ళ కాగితం పంపింది. రోజుకి రెండో మూడో చిన్న పనులు, ఏ టైముకి చెయ్యాలో, చేశాక మనసుకి పదికి ఎన్ని మార్కులో. "మనసు బాగయ్యాక పని చేద్దామనుకుంటే కుదరదమ్మా. పని ముందు నడిస్తే మనసు దాని వెనకాల వస్తుంది" అంది. కాగితంలో మొదటి పని, ఏడింటికి కుండీలకి నీళ్ళు పొయ్యడం. నీళ్ళు పోస్తే పిల్ల బాగుపడుతుందా అని మేరీ అనుమానం. మొదటి రోజు ఏడు దాటినా సుజి లేవకపోతే, ఆ నీళ్ళేవో తనే పోసేసింది.

"ఆ పని మీరు చేసేస్తే ఆమె మందు మీరు మింగినట్టే" అంది మేడం.

అప్పటినుంచి మేరీ చెయ్యకుండా కూర్చోవడం నేర్చుకుంది. అంత కష్టమైన పని ఆమె ఎన్నడూ చెయ్యలేదు. చేతులు లేవకుండా జపమాల చుట్టుకుని, వాలిపోతున్న బంతిమొక్కను చూస్తూ కూర్చునేది. నాలుగో రోజు తొమ్మిదింటికి సుజి లేచి చెంబు అందుకుంది. గడిలో రెండు మార్కులు వేసుకుంది. అయిదు వారాలు గడిచేసరికి ఒకసారి నాలుగు పడ్డాయి.

ఇవాళ్టి గళ్ళలో రెండే పనులు. ఆరున్నరకి అన్నం వండటం. ఎనిమిదిన్నరకి కాలేజీ.

మేరీని గ్యాసు భయం పట్టుకుంది. పైపు తడిమి చూసింది, కిటికీ తెరిచింది, మసిగుడ్డ దూరంగా జరిపింది. ఆ భయంలో బియ్యం డబ్బా సంగతే మరిచిపోయింది. సుజి బియ్యం కొలిచే గ్లాసు డబ్బాలో ఇనుముకి టక్కున తగిలినప్పుడు గుర్తొచ్చింది.

సుజి కత్తెర బయటికి తీసింది. బియ్యం జలజలా రాలాయి. దాన్ని చూసింది, తల్లి పెదవికి అంటుకున్న దారప్పోగునీ చూసింది.

"ఇదిక్కడేటి సేత్తందమ్మా?"

"తుప్పట్టకుండా పెట్టేను. బియ్యం సెమ్మ పీల్సుకుంటాది."

"బాత్రూం గడియక్కూడా తుప్పట్టిందా?"

మేరీ సూదిని గుడ్డలో గుచ్చింది, తీసింది, మళ్ళీ అక్కడే గుచ్చింది. రెండు నెలలుగా అడగలేని ప్రశ్న ఒకటి ఉంది. సుజి అది విన్నట్టే మాట్లాడింది.

"అప్పుడైతే నాకే తెల్దమ్మా. ఇప్పుడు కాదు." గ్లాసు మళ్ళీ బియ్యంలో ముంచింది. "ఎప్పుడైనా అలాగనిపిత్తే ముందు నీకే సెప్తాను. నువ్వు పళ్ళు కాపాడుకో. నాన్నొచ్చేసరికి బోసినోరైపోతే నన్నంటాడు."

మేరీ నవ్వబోయి, ఒళ్ళోని గుడ్డ తీసి ముక్కు చీదేసింది.

"అమ్మా! అదెవర్దో జాకెట్టే!"

అన్నం అడుగంటింది. మాడు వాసనకి మేరీ చెయ్యి దానంతటది లేచింది. దాన్ని తొడకింద పెట్టుకుని కూర్చుంది. సుజి తనే చూసి దింపింది. పైపై అన్నం క్యారేజీలో పెట్టుకుంది. తల దువ్వుకుని జడ వేసుకుంది.

రోడ్డు మీద షేరాటో హారను మోగింది. సుజి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. 'పోనీ, రేపెల్దువులే' అన్న మాట మేరీ నాలుక చివరికొచ్చింది. దారపు కొసను పళ్ళ మధ్య గట్టిగా పట్టుకుంది.

"రెండు క్లాసులు కూకుని, అక్కడే తినేసి వచ్చేత్తాను" అంది సుజి, గడప దాటుతూ.

"మంచిది తల్లీ."

ఆటో మోత సన్నగిల్లాక మేరీ లేచి గోడమీది కాగితం చూసింది. మొదటి గడిలో, "అన్నం. మాడింది. 6." రెండో గడి ఖాళీగా ఉంది. మళ్ళీ వచ్చి కూర్చుని ఆఖరి హుక్కు కుట్టింది. ముడి వేసి, అలవాటుగా దారాన్ని నోటి దగ్గరికి తీసుకుని ఆగింది.

దారపుండ పక్కన సుజి పెట్టి వెళ్ళిన కత్తెర ఉంది. రెండు రెక్కలూ కలిసే మర దగ్గర ఒక బియ్యపు గింజ ఇరుక్కుని ఉంది.